నాలుగు వేళ్ళ దూరం

పండుగ పందిరిలో మైకు ఉన్నట్టుండి కుయ్యిమని కూసినప్పుడు ఏమి జరుగుతుందో మీరందరూ చూసే ఉంటారు. ఉపన్యాసకుడు ఉలిక్కిపడతాడు. పిల్లలు చెవులు మూసుకుంటారు. పెద్దలు మైకుసెట్టు మనిషి కోసం అటూ ఇటూ చూస్తారు. అతడు తాపీగా వచ్చి, మైకు స్తంభాన్ని రెండడుగులు ప్రక్కకు జరిపి, తన చోటికి తాను వెళ్ళిపోతాడు. కూత ఆగిపోతుంది. అతడు కొత్త సామగ్రి ఏదీ తేలేదు. ఉన్న వస్తువుకు చోటు మార్చినాడు, అంతే.

లౌడ్ స్పీకరు నుండి వెలువడిన ధ్వని తిరిగి మైకులో ప్రవేశించి, యంత్రంలో పెరిగి, మరల స్పీకరు నుండి బయటికి వచ్చి, మరల మైకులో పడుతూ గిరగిర తిరగడమే ఆ కూతకు కారణం. మైకు స్పీకరుకు ఎదురుగా లేకుంటే ఆ చక్రం తెగిపోతుంది. స్థానబలిమి అనే మాటను మన పెద్దలు మనుషులను గురించి చెప్పినారు గాని, అది మైకుకు కూడా చక్కగా వర్తిస్తుంది. ఈ సంగతి పుస్తకాలలో కంటె బాగా నాకు బోధపడినది సూరత్ నగరంలోని పాండేసరలో, మా అక్క ఇంటిలో.

సూరత్ నుండి దక్షిణంగా నవసారి వైపు పోయే దారిలో ఉధనా దాటిన తరువాత పాండేసర వస్తుంది. వస్త్రాలకు రంగులద్దే మిల్లులు, అచ్చువేసే మిల్లులు, వాటి పొగగొట్టాలు, వాటి నడుమ కార్మికుల వాడలు. ఒక్క సందులో నడిస్తే గుజరాతీ, మరాఠీ, హిందీ, ఒడియా, తెలుగు వరుసగా చెవిన పడతాయి. తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పని వెదుక్కుంటూ దశాబ్దాలుగా ఈ నగరానికి వలస వచ్చినాయి. సూరత్ నగరపాలక సంస్థ ఇతర భాషలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చినదంటే, ఇక్కడి తెలుగువారి సంఖ్యను మీరే ఊహించుకోవచ్చు. బతుకమ్మ నాళ్ళలో ఈ వాడలలో పూల ధర చూస్తే సిరిసిల్ల సంతలో ఉన్నామా అనిపిస్తుంది.

మా బావ ఆ సిరిసిల్ల ప్రాంతం నుండే వచ్చినాడు. ముప్పై ఏళ్ళకు పైగా సాంచెలు నడిపినాడు. సాంచె అంటే మరమగ్గం. మా వైపు ఆ మాటే వాడుక. ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు, ఒక మిల్లులో బట్ట మడతల విభాగంలో పని చేస్తాడు. అతనికి ఎలక్ట్రిక్ గిటారు పిచ్చి. ఎవరో వాడి వదిలిన గిటారును, ఒక యాంప్లిఫయరును తక్కువ ధరకు కొన్నాడు. యాంప్లిఫయరుతో పాటే ఒక చెక్కపెట్టె, అందులో 12 అంగుళాల స్పీకరు ఒకటి ఉన్నది. వాళ్ళమ్మ పాడే బతుకమ్మ పాటల వరసలను ఆ గిటారు మీద వాయించి, ధ్వనిముద్రణ చేసి, పండుగనాడు వాడవాళ్ళకు వినిపించాలని అతని కోరిక.

నేను వెళ్ళిన సాయంత్రం అతడు దిగులుగా ఉన్నాడు. "మామా, నా మైకు మంచిది గాదు. చీటీ ఎత్తి కొత్తది కొనాలె" అన్నాడు. ఆ కొత్త మైకు ధర అతని రెండు నెలల జీతం. చీటీ ముందుగా పాడుకుంటే పోయే నష్టం వేరు. ఏమి వచ్చినదో వినిపించమన్నాను. గదిలో వాయించినప్పుడు గిటారు నాదం గుండ్రంగా, తియ్యగా ఉన్నది. ముద్రించినది వింటే తేనెటీగల గుంపు డబ్బాలో చిక్కుకున్నట్లు జుయ్యిమంటున్నది. దాని వెనుక, సందుకు అవతలి షెడ్డులోని మగ్గాల టకటక స్పష్టంగా వినిపిస్తున్నది.

చెవికి ఇంపుగా ఉన్నది మైకుకు ఎందుకు కాలేదు? అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. మనకు రెండు చెవులు, వాటి వెనుక ఒక మెదడు ఉన్నాయి. మనం వినదలచుకున్నదానిని ఎంచుకొని, తక్కినదానిని ప్రక్కకు నెట్టే నేర్పు ఆ మెదడుకు ఉన్నది. సందు అవతలి మగ్గాల చప్పుడు ఆ ఇంటివారికి ఏనాడో వినిపించడం మానేసినది. మైకుకు ఆ నేర్పు లేదు. తన ముందు ఉన్న గాలి ఎట్లా కదిలితే అట్లా వ్రాసుకుంటుంది. అదీకాక, కుర్రవాడు నిలబడి వాయిస్తుంటే అతని చెవి స్పీకరుకు నాలుగడుగుల దూరంలో, దానికంటె ఎంతో ఎత్తున ఉన్నది. మైకు స్పీకరు నట్టనడుమ, గుడ్డకు ఆనించి ఉన్నది. ఇద్దరూ విన్నది ఒకే గిటారు కాదు.

ఎలక్ట్రిక్ గిటారు విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. వీణకు కుండ ఉన్నట్లు దీనికి నాదాన్ని పెంచే డొల్ల ఉండదు. తీగల కంపనం విద్యుత్తుగా మారి యాంప్లిఫయరుకు పోతుంది. మనం వినే నాదం పుట్టేది స్పీకరు పెట్టెలో. కాబట్టి ఆ పెట్టె వాద్యంలో సగభాగం. వాద్యం ముందు మైకు పెట్టేటప్పుడు వీణ కుండ ముందా, మెట్ల ముందా అని ఆలోచించినట్లే, ఈ పెట్టె ముందు కూడా ఆలోచించాలి.

నేటికీ మనం వాడే స్పీకరు నిర్మాణాన్ని 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ప్రపంచానికి అందించినారు. అయస్కాంతం నడుమ ఒక తీగచుట్ట, దానికి అతికిన కాగితపు శంకువు. తీగచుట్ట ముందుకూ వెనుకకూ ఊగితే శంకువు గాలిని నెడుతుంది. మంద్రస్వరాలకు శంకువు మొత్తం ఒక్కటిగా కదులుతుంది. తారస్వరాలకు అంత వేగంగా మొత్తం కదలలేదు. ముఖ్యంగా నడిమి భాగమే పలుకుతుంది. అందుచేత ఒకే స్పీకరు నడుమ కరకుగా, అంచున మెత్తగా వినిపిస్తుంది.

దీనికి తరంగదైర్ఘ్యం తోడవుతుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనుకు 100 కంపనాల స్వరానికి ఒక్కొక్క అల పొడవు మూడు మీటర్లకు పైన. 1000 కంపనాలకు 34 సెంటీమీటర్లు. 5000 కంపనాలకు ఏడు సెంటీమీటర్లకు లోపు. శంకువు కంటె పొడవైన అలలు దీపపు వెలుగు వలె గది అంతా పరుచుకుంటాయి. శంకువు కంటె పొట్టి అలలు టార్చిలైటు వెలుగు వలె సూటిగా ముందుకే పోతాయి. మా మేనల్లుడు నిలబడిన చోట ఆ టార్చి వెలుగు పడలేదు. అతని మైకు దాని నడుమ నిలబడి ఉన్నది.

ఈ లెక్కలన్నీ నేను చెబుతూ ఉండగా మా బావ పని నుండి వచ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గడపలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ మగ్గాల హోరు ఆయన చెవులను చాలావరకు హరించినది. మనం మెల్లగా మాట్లాడితే అచ్చులు వినబడతాయి గాని స, శ, ష వంటి అక్షరాలు చేరవు. అందుచేత ఎదుటివారి పెదవులను చూస్తూ మాట్లాడతాడు. కొడుకు ముద్రించినది తానూ వింటానన్నాడు. విని తల అడ్డంగా ఆడించినాడు. "ఏం లేదు గిండ్ల. సన్నగున్నది" అన్నాడు.

నాకు మొదట ఆశ్చర్యం వేసినది. మాకు చెవులు చిల్లులు పడుతుంటే ఆయనకు సన్నగా ఉన్నదా? తరువాత అర్థమైనది. హోరులో పని చేసేవారికి మొదట చెడేది 4000 కంపనాల ప్రాంతపు వినికిడి. మమ్మల్ని బాధిస్తున్న జుయ్యిమనే భాగం ఆయనకు అందనే లేదు. అది పోగా మిగిలిన గిటారును ఆయన విన్నాడు. మిగిలినది ఏమీ లేదని చెప్పినాడు. పైకి కరకుదనం ఎంత ఉన్నా, లోపల కండ లేని ధ్వని అది. మంచి చెవులు ఉన్న మేము కరకుదనాన్ని తిట్టుకుంటున్నాము గాని కండ లేదన్న సంగతి గమనించలేదు.

"దాన్ని సక్కగ నడిమిట్ల వెట్టినవేంది బిడ్డా? సాంచె ఖరాబైతె ఒక్కతాన నిలవడితె తెలుస్తదా? తిరిగి ఇనాలె" అన్నాడు ఆయన. మరమగ్గంలో నాడె కుడి పెట్టె నుండి ఎడమ పెట్టెకు, ఎడమ నుండి కుడికి నిమిషానికి వందకు పైగా సార్లు పరుగెడుతుంది. అది ఏ ప్రక్కన గట్టిగా తగులుతున్నదో, ఏ ప్రక్కన సడలినదో తెలియాలంటే మగ్గం చుట్టూ నడుస్తూ, తల వంచుతూ వినాలి. మీట బిగించడం ఆ తరువాత. ఆయన జీవితమంతా చేసినది అదే పని. కొడుకు ఇన్నాళ్ళూ చోటు మార్చకుండా మీటలు తిప్పుతూ కూర్చున్నాడు.

అప్పుడు పని మొదలుపెట్టినాము. టార్చిలైటు వేసి గుడ్డ వెనుక శంకువు కేంద్రం ఎక్కడున్నదో చూసి, సుద్దముక్కతో గుర్తు పెట్టినాము. అక్కడి నుండి ప్రక్కకు రెండేసి వేళ్ళ దూరాన గుర్తులు గీసినాము. ప్రతి గుర్తు వద్ద మైకు నిలిపి, అదే వరసను అదే బలంతో అర నిమిషం వాయించి ముద్రించినాము. యాంప్లిఫయరు మీటలను ఎవరూ ముట్టకూడదని నియమం. చెవిని మాత్రం పెట్టె దగ్గరకు చేర్చలేదు. బిగ్గరగా పలికే స్పీకరు వద్ద చెవి పెట్టి చోటు వెదకడం ప్రమాదం. ముద్రించినదానిని తగ్గించిన ధ్వనితో తరువాత వినడమే మేలు.

కేంద్రం నుండి రెండు వేళ్ళు జరిగేసరికి తేనెటీగలు సగం పోయినాయి. ఆరు వేళ్ళ వద్ద కంబళి కప్పినట్లు మొద్దుబారినది. నాలుగు వేళ్ళ వద్ద ముద్రించినది వినిపించగానే వంటింటి నుండి మా అక్క "ఇది మంచిగున్నది" అన్నది. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు. అదే క్షణంలో గడపలో కూర్చున్న మా బావ కూడా తల నిలువుగా ఆడించినాడు. ఒకరికి కరకుదనం పోయినది, మరొకరికి కండ వచ్చినది. ఇద్దరూ ఒకే సుద్దగీత వద్ద కలిసినారు.

తరువాత దూరం. ఒక దిక్కు ధ్వనినే ఎక్కువగా స్వీకరించే మైకులకు ఒక స్వభావం ఉన్నది. ధ్వని పుట్టే చోటికి బాగా చేరువైతే అవి మంద్రాన్ని పెంచి వినిపిస్తాయి. ఆకాశవాణిలో వార్తలు చదివేవారి కంఠం గంభీరంగా తోచడానికి ఇదీ ఒక కారణం. గుడ్డకు ఆనించిన మైకును రెండు వేళ్ళు వెనుకకు తీస్తే ఆ ఉబ్బు తగ్గి స్వరాలు విడివిడిగా తేరుకున్నాయి. ఇంకా వెనుకకు, ఒక జానకు తీస్తే గది ధ్వని, దానితో పాటు మగ్గాల చప్పుడు లోపలికి వచ్చినాయి. విశాలమైన స్థలంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. గిటారు ధ్వని ఈ విధంగా తగ్గిపోతుంటే, దూరాన ఉన్న మగ్గాల ధ్వని తగ్గదు. కాబట్టి చప్పుడు ఉన్న చోట చేరువలో ముద్రించడమే దారి. మైకును కొంచెం ఏటవాలుగా త్రిప్పినా కరకుదనం తగ్గుతుంది. అయితే ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మార్చితే ఏది పని చేసినదో తెలియదు.

పెట్టె ఉన్న చోటు కూడా లెక్కలోనిదే. మొదట అది నేల మీద, గది మూలలో ఉన్నది. నేల, రెండు గోడలు కలిసిన మూల మంద్రస్వరాలను పోగుచేసి ముందుకు తోస్తుంది. గుబగుబలాడే ధ్వనికి యాంప్లిఫయరును నిందించే ముందు పెట్టెను మూల నుండి బయటికి లాగి, పీట మీదకు ఎత్తి చూడాలి. నేల చేసే అల్లరి మరొకటి ఉన్నది. పెట్టె, మైకు నేల నుండి అర మీటరు ఎత్తున, ఒకదానికొకటి మీటరు దూరంలో ఉన్నాయనుకుందాము. సూటిగా వచ్చే ధ్వని మీటరు నడుస్తుంది. నేలకు తగిలి వచ్చే ధ్వని 141 సెంటీమీటర్లు నడుస్తుంది. ఆ 41 సెంటీమీటర్ల ఆలస్యం వలన, సెకనుకు సుమారు 414 కంపనాల స్వరం వద్ద ఒక అల ఎగువకు లేచే వేళ మరొకటి దిగువకు పడుతుంది. రెండూ ఒకదానినొకటి హరించుకుంటాయి. వాయించిన స్వరం ముద్రణలో మాయమవుతుంది. వాద్యకారుని తప్పు ఏమీ లేదు. మైకును ఐదు సెంటీమీటర్ల చేరువకు తెస్తే నేల నుండి వచ్చే అల సూటి ధ్వని ముందు సోదిలోకి రాదు.

రెండు మైకులు వాడేవారికి కూడా ఇదే హెచ్చరిక. ఒకటి దగ్గర, మరొకటి దానికంటె 17 సెంటీమీటర్లు దూరంగా పెడితే, 1000 కంపనాల స్వరం రెండింటిలోనూ ఎదురెదురుగా చేరి తగ్గిపోతుంది. పెట్టె వెనుక తెరిచి ఉన్న రకమైతే, వెనుక నుండి వచ్చే అల ముందుదానికి తలక్రిందులుగా ఉంటుంది. రెండు మైకులు ఉంటే ధ్వని రెండింతలు బాగుంటుందనుకోవడం పొరపాటు. ఒక్క మైకుకు చోటు కుదిరిన తరువాతనే రెండవది.

ఇంత చేసినా మగ్గాల టకటక ఇంకా వినిపిస్తూనే ఉన్నది. పెట్టె కిటికీ క్రింద ఉన్నది. దానికి ఎదురుగా ఉన్న మైకు ముఖం సహజంగా కిటికీ వైపే ఉన్నది. మా మేనల్లుని మైకు హృదయాకారపు గ్రహణశక్తి గల రకం. అంటే ముందు నుండి వచ్చేదానిని బాగా వింటుంది, ప్రక్కల నుండి తక్కువగా, వెనుక నుండి అతి తక్కువగా వింటుంది. మైకుకు వీపు ఉన్నదన్న సంగతి చాలామందికి తట్టదు. పెట్టెను కిటికీకి ఎదుటి గోడ వద్దకు మార్చి, కిటికీ వైపు చూసేటట్లు నిలిపినాము. ఇప్పుడు మైకు ముఖం స్పీకరు వైపు, వీపు కిటికీ వైపు. కిటికీకి రెండు పాత బొంతలు వ్రేలాడదీసినాము. మగ్గాలు పూర్తిగా పోలేదు. మగ్గాల మంద్రపు గుబగుబ బొంతలకు, మైకు వీపుకు లొంగదు. కాని గిటారు పలుకుతున్నంతసేపూ అది వెనుకకు తగ్గి ఉన్నది. పాండేసరలో ముద్రించిన పాటలో అంతమాత్రం ఉండడం న్యాయమే అనిపించినది.

చోటు కోసం వెదకినవారి చరిత్ర పెద్దది. 1932లో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వంలో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చిన రోజులలో నేపథ్యగానం లేదు. నటులు కెమెరా ముందే పాడాలి. మైకు మాత్రం కెమెరా కంటికి కనబడకూడదు. కంఠానికి చేరువగా, చూపుకు దూరంగా దానిని ఎక్కడ దాచడమా అన్నదే ధ్వనిముద్రకుల నిత్యసమస్య. మన పద్యనాటకపు నటులకు ఈ విద్య పుస్తకం లేకుండానే వచ్చినది. మాటలప్పుడు మైకు దగ్గరకు వచ్చి, పద్యం చివర రాగం ఎత్తుకునేటప్పుడు అర అడుగు వెనుకకు వేయని నటుడు అరుదు.

1966లో లండన్‌లో బీటిల్స్ బృందానికి ధ్వనిముద్రకుడైన జెఫ్ ఎమెరిక్ ఇరవై ఏళ్ళ యువకుడు. పెద్ద డ్రమ్ముకు మైకును చేరువగా పెట్టకూడదన్న స్టూడియో నియమాన్ని కాదని, లోపల ఒక ఉన్ని చొక్కా కుక్కి, మైకును దాని ముందుకు జరిపినాడు. ఆ ఏడాదే 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటలో బేస్ గిటారు పెట్టె ముందు మైకుకు బదులు ఒక స్పీకరునే నిలిపి ముద్రించినారు. స్పీకరు, మైకు ఒకే యంత్రానికి రెండు ముఖాలు. ఒకటి విద్యుత్తుతో గాలిని కదిలిస్తుంది, రెండవది గాలి కదలికతో విద్యుత్తు పుట్టిస్తుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మార్గం లెడ్ జెపెలిన్ బృందానిది. 1971లో వచ్చిన తమ నాలుగవ ఆల్బమ్‌లోని ఒక పాటకు, ఇంగ్లండులోని ఒక పాత భవనపు మెట్ల హాలులో డ్రమ్ములు క్రింద ఉంచి, మైకులను పైమెట్ల వద్ద వ్రేలాడదీసినారు. ఒకరు దగ్గరకు పోయినారు, ఒకరు దూరం పోయినారు. ఇద్దరికీ ఫలితం చోటు వలననే వచ్చినది.

మన తెలుగువాడు, పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతటా వినిపించినాడు. 2014లో ఆయన కన్నుమూసే నాటికి ఆ వాద్యాన్ని పరాయిది అనేవారు లేరు. యాంప్లిఫయరు, స్పీకరు మన సంగీతానికి అడ్డు కావు అనడానికి అంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఖరీదైన మైకు పనికిరాదని నేను అనను. కాని అమెరికాలోని షూర్ సంస్థ 1965లో విడుదల చేసిన ఎస్.ఎం. 57 వంటి సాదా మైకే నేటికీ పెద్ద స్టూడియోలలో గిటారు పెట్టెల ముందు నిలుస్తున్నది. దానిని ఎక్కడ నిలపాలో తెలిసినవారు అక్కడ ఉన్నారు, అంతే భేదం. మీ ఇంటిలో అమ్మమ్మ పాడే మంగళహారతిని ఫోనులో ముద్రించుకోవాలన్నా ఇదే సూత్రం. పంఖా ఆపండి. ఫోను వీపు కాక, దాని మైకు రంధ్రం ఆమె వైపు ఉండనివ్వండి. ఒకసారి జాన దూరాన, మరొకసారి మూర దూరాన ముద్రించి విని చూడండి. ఏది బాగున్నదో మీ చెవే చెబుతుంది.

చివరగా ఒక మాట. స్పీకరు నుండి మైకును జరపడానికి ఏ లెక్క పనికి వచ్చినదో, హోరు నుండి చెవిని కాపాడుకోవడానికీ అదే లెక్క. నాడెతో నడిచే మరమగ్గాల షెడ్డులో చప్పుడు 100 డెసిబెల్‌లకు అటూ ఇటూ ఉంటుంది. మన ఫ్యాక్టరీ నియమాలు 8 గంటల పనికి 90 డెసిబెల్‌లు హద్దు అంటాయి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ఇంకా జాగ్రత్తపడి, 85 డెసిబెల్‌లకు 8 గంటలు, 100 డెసిబెల్‌లకు 15 నిమిషాలే అంటుంది. సూరత్ మగ్గాల మీద 12 గంటల పని సర్వసాధారణం. మా బావ చెవులు ఎట్లా పోయినాయో ఈ మూడు అంకెలు చెబుతాయి. పోయిన వినికిడి తిరిగి రాదు, మిగిలినదానిని నిలుపుకోవచ్చు. మైకును జరపవచ్చు గాని, మగ్గం ముందు నిలబడిన మనిషి జరగలేడు. అతనికి చెవి కప్పులే దూరం.

మా మేనల్లుడు చీటీ పాడలేదు. ఆ నెల జీతంలో కొంత పెట్టి తండ్రికి చెవి కప్పులు కొన్నాడు. "ఇవి వెట్టుకుంటె నాడె సప్పుడు ఎట్ల ఇనవడ్తది?" అని ఆయన మొదట విదిలించినాడట. వారం రోజులు గడిచిన తరువాత, హోరు తగ్గినా నాడె తడబాటు తెలుస్తూనే ఉన్నదని ఒప్పుకున్నాడట. పండుగ తరువాత ఫోనులో మా అక్క చెప్పిన మాట ఇది. గిటారు మీద వాయించిన వరసకు వాడలోని ఆడవాళ్ళు బతుకమ్మల చుట్టూ పాడుతూ తిరిగినారట. స్పీకరు పెట్టె గుడ్డ మీద, కేంద్రానికి నాలుగు వేళ్ళ దూరాన, సుద్దగీత అట్లాగే ఉన్నదట. తుడవవద్దని మా బావ అందరికీ చెప్పి పెట్టినాడట.